అంట్లగిన్నెలలో అద్దం

చిత్రకళలో కూడ ఎక్కువ తక్కువ మెట్లున్నవని ఫ్రెంచి పండితులు ఒకప్పుడు తీర్మానించారు. 1667లో ఆంద్రె ఫెలిబియాన్ అనే విద్వాంసుడు పారిస్ చిత్రకళా పరిషత్తు ఉపన్యాసాలకు వ్రాసిన పీఠికలో ఈ వరుస స్పష్టంగా కనిపిస్తుంది. పురాణేతిహాస ఘట్టాలను చిత్రించేవారిది ఉన్నతస్థానం. మనుషుల రూపాలను చిత్రించేవారు వారి తరువాత వస్తారు. జంతువులను, ప్రకృతి దృశ్యాలను చిత్రించేవారు ఇంకొంచెం దిగువ. పండ్లు, పూలు, గవ్వలు వంటి కదలని వస్తువులను చిత్రించేవారిది అన్నిటికన్న క్రింది మెట్టు. ప్రాణం లేనిదానిని చిత్రించడం ప్రాణమున్నదానిని చిత్రించడంకన్న తక్కువ పని అన్నది ఈ ఏర్పాటు వెనుకనున్న భావం.

మన ఇళ్లలోనూ ఇటువంటి వరుస ఒకటి ఉన్నది. దానిని ఏ పరిషత్తూ తీర్మానించలేదు, ఎవరూ పీఠిక వ్రాయలేదు. అయినా అందరికీ తెలుసు. తినేవారికి పీట, వండేవారికి పేరు, వడ్డించేవారికి మాట దక్కుతాయి. పెరటిలో కూర్చుని అంట్లు తోమేవారికి ఏదీ దక్కదు.

ఈ రెండు క్రింది మెట్లను ఒకచోట చేర్చిన చిత్రకారుడు ఢిల్లీ పొరుగున గురుగ్రామ్‌లో పనిచేస్తున్నాడు. ఆయన పేరు సుబోధ్ గుప్తా. ప్రపంచం ఆయనను ప్రధానంగా శిల్పిగా ఎరుగును. కాని ఆయన చదివిన చదువు చిత్రలేఖనం. గిన్నెలను, గరిటెలను, గ్లాసులను, తిని వదిలిన పళ్లేలను తైలవర్ణాలలో ఉన్నవి ఉన్నట్లుగా ఆయన చిత్రించిన పటాలను శిల్పాల హోరులో చాలమంది గమనించలేదు. అవి గమనింపదగినవి.

గుప్తా 1964లో బీహారులో, పాట్నా చేరువనున్న ఖగౌల్ అనే రైల్వే పట్టణంలో జన్మించాడు. తండ్రి రైల్వే ఉద్యోగి. కుమారుడు చిన్నవాడై ఉండగానే ఆయన గతించాడు. యౌవనంలో గుప్తా కొంతకాలం నాటకాలలో నటించాడు. 1983 నుండి 1988 వరకు పాట్నాలోని ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ కళాశాలలో చిత్రలేఖనం అభ్యసించి, పిమ్మట ఢిల్లీ చేరుకున్నాడు. నగరంలో ఆయన వెదికిన వస్తువులు మాత్రం విడిచివచ్చిన ఇంటివే. 1996లో కొయ్యపీటలతో 'ఇరవైతొమ్మిది ఉదయాలు' అనే రచన చేశాడు. 1997లో మోదీనగర్‌లో జరిగిన ఖోజ్ కార్యశాలలో పిడకలతో ఒక గుడిసె కట్టి దానికి 'మా అమ్మ, నేను' అని పేరు పెట్టాడు. పీటలు, పిడకలు అయిన తరువాత వంటింటి స్టీలు సామాను వచ్చింది. 2006లో గిన్నెలన్నీ పేర్చి నిర్మించిన బ్రహ్మాండమైన కపాలానికి 'మహా ఆకలిగొన్న దేవుడు' అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఆ కపాలం పారిస్‌లో ప్రదర్శింపబడి, మరుసటి ఏడు వెనిస్ కాలువ ఒడ్డున నిలిచి, ఆయనకు ఖండాంతర ఖ్యాతి తెచ్చిపెట్టింది. 2008లో గిన్నెలతోనే అణువిస్ఫోటపు పుట్టగొడుగు మేఘాన్ని నిలబెట్టి 'నియంత్రణ రేఖ' అన్నాడు. నేడది ఢిల్లీలోని కిరణ్ నాడార్ మ్యూజియం సేకరణలో ఉన్నది.

శిల్పంలో గిన్నె తానే వచ్చి నిలుస్తుంది. చిత్రంలో అట్లా కాదు. అక్కడ గిన్నెను చిత్రకారుడు మళ్లీ పుట్టించవలసి ఉంటుంది. ఆ పని ఎంత కష్టమైనదో తెలియాలంటే ముందు ఆ ప్రక్రియ కథ కొంత తెలియాలి.

కదలని వస్తువుల చిత్రాన్ని ఫ్రెంచివారు 'నాత్యూర్ మోర్త్' అంటారు. చచ్చిన ప్రకృతి అని దాని అర్థం. డచ్చివారు 'స్టిల్లెవెన్' అన్నారు. నిశ్చలమైన జీవం అని అర్థం. ఇంగ్లీషువారు డచ్చి మాటనే తీసుకుని 'స్టిల్ లైఫ్' చేసుకున్నారు. ఒకే పటాన్ని చూచి ఒకరు చావు అన్నారు, ఇంకొకరు బ్రతుకు అన్నారు. తెలుగులో మనం 'నిశ్చల చిత్రం' అని ఊరుకున్నాము. చావో బ్రతుకో చూచేవారి నిర్ణయానికే విడిచిపెట్టామన్నమాట.

ఈ ప్రక్రియ మన దేశానికి కళాశాలల వాకిటిగుండా వచ్చింది. 1850లో డాక్టర్ అలెగ్జాండర్ హంటర్ మద్రాసులో స్థాపించిన కళాపాఠశాల, ఆ దశకంలోనే వెలసిన కలకత్తా, బొంబాయి పాఠశాలలు పాశ్చాత్య పద్ధతిలో చూచి గీయడం నేర్పినవి. బల్ల మీద ఒక గుడ్డ పరచి, ఒక కూజా, రెండు పండ్లు పెట్టి, ఒక ప్రక్కనుండి వెలుతురు పడేటట్లు చేసి, పెన్సిలుతో వెలుగునీడల తారతమ్యం పట్టుకొమ్మని విద్యార్థిని కూర్చోబెట్టడం నేటికీ కళాశాలలలో ఉన్న ఆచారమే. పరీక్ష అయిన మరునాడు కూజాను అటక ఎక్కిస్తారు. విద్యార్థి కూడ సాధారణంగా దానిని మరచి 'పెద్ద' విషయాలవైపు నడుస్తాడు. నిశ్చల చిత్రం మనకు చాలకాలం అభ్యాసంగానే మిగిలిపోయింది, అభిప్రాయంగా మారలేదు.

మారకపోవడానికి కారణం లేకపోలేదు. మన పాత చిత్రాలలో వస్తువు సాధారణంగా ఒంటరిగా ఉండదు. కలశం ఒక స్త్రీ చేతిలో ఉంటుంది, వీణ ఒక దేవత ఒడిలో ఉంటుంది, పళ్లెం ఒక రాజు ముందు ఉంటుంది. ఎవరిదో తెలియని వస్తువు మన చిత్రకారునికి విషయం కాలేదు. దీనికి గొప్ప మినహాయింపు తెలుగునేల మీదనే ఉన్నది. అమరావతి స్తూపపు సున్నపురాతి పలకలపై చెక్కిన పూర్ణఘటం దగ్గర మనిషి లేడు. కుండ ఒక్కటే నిలిచి ఉంటుంది. దాని నోటినుండి తామరలు పొంగి వస్తుంటాయి. అది నిండుదనానికి గుర్తు. గుప్తా చిత్రించిన పాత్రలు కూడ ఒంటరిగానే ఉంటాయి. కాని వాటిలో నిండుదనం లేదు. తళతళ మెరుస్తాయి, ఖాళీగా ఉంటాయి. రెండువేల ఏండ్ల దూరంలోనున్న ఈ రెండు పాత్రలను ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే గుప్తా అడుగుతున్న ప్రశ్న తేటపడుతుంది: ఇంత సామాను ఉన్నది, ఇందులో వండడానికి ఏమున్నది?

ఆయన ఎన్నుకున్న లోహం కూడ ఆ ప్రశ్నలో భాగమే. తుప్పు పట్టని ఉక్కును ఇంగ్లండులోని షెఫీల్డులో 1913లో హ్యారీ బ్రియర్లీ తయారుచేశాడు. ఇనుములో కనీసం 10.5 శాతం క్రోమియం కలిస్తే, గాలి తగలగానే లోహం మీద కంటికి కనిపించని సన్నని పొర ఏర్పడుతుంది. గీత పడితే ఆ పొర మళ్లీ తనంతట తానే పూడుకుంటుంది. అంతకు పూర్వం మన వంటిండ్లలో మట్టి, రాగి, ఇత్తడి రాజ్యమేలాయి. ఇత్తడి గిన్నెకు కళాయి లేకపోతే చింతపండు పులుసు కిలమెక్కేది. కళాయి వేసేవాడు వీధిలోకి వస్తే ఇల్లాండ్రు గిన్నెలతో బయటకు వచ్చేవారు. స్టీలు వచ్చి ఆ బెడద తీర్చింది. 1980ల ఆరంభంలో సేలం కర్మాగారం స్టీలు రేకు తయారుచేయనారంభించింది. పాత బట్టలు వేసి స్టీలు గిన్నె తీసుకోవడం, దానిమీద పేరు, తేదీ చెక్కించుకోవడం, ఆడపిల్ల సారెలో బిందె మొదలు చెంచా వరకు స్టీలు పెట్టి పంపడం రెండు మూడు తరాల తెలుగు కుటుంబాలకు ఎరుకైన సంగతులే. ఇత్తడి ఆస్తిగా ఉండేది. స్టీలు ఆశ అయింది. మధ్యతరగతి ఇంటి అలమరలో ఆ మెరుపు 'మేము కూడ ఒక మెట్టు ఎక్కాము' అనే మాటను ప్రతిరోజు చెప్పేది.

ఇక చిత్రించడం మాటకు వస్తే, స్టీలుకు తన రంగంటూ లేదు. ఇత్తడి చెంబును చిత్రించదలచినవాడు పసుపుతో మొదలుపెట్టవచ్చు; మట్టికుండకు ఎరుపు ఉన్నది. స్టీలు గ్లాసును చిత్రించేవాడు ఏ రంగు కలపాలి? దానిలో కనిపించేదంతా ఎదుటివారి రంగే. కిటికీ ఉంటే ఒక తెల్లని చార; తలుపు ఉంటే ఒక నల్లని పట్టీ; ఎర్రచీర కట్టుకున్న మనిషి ప్రక్కనుండి నడిస్తే ఒక ఎర్రని మరక. బయటకు ఉబ్బిన వంపు గదినంతటినీ చిన్నదిగా చేసి చూపుతుంది. లోపలికి వంగిన గరిటెగుంట అదే గదిని తలక్రిందులు చేస్తుంది. నలుపుకూ తెలుపుకూ మధ్య హద్దు కత్తితో కోసినట్లుండాలి. కొంచెం మెత్తబడితే గిన్నె స్టీలుది కాదు, సీసపుది అవుతుంది. కనుక స్టీలు గిన్నెను నిజంగా చూచి చిత్రించినవాడు గిన్నెను చిత్రించడు. గిన్నె ఉన్న ఇంటిని చిత్రిస్తాడు.

ఈ రహస్యం కొత్తది కాదు. ఫ్లాండర్సు చిత్రకారిణి క్లారా పీటర్స్ 1612లో చిత్రించిన ఒక నిశ్చల చిత్రంలో బంగారు పాత్ర ఉబ్బుల మీద అతి చిన్న ప్రతిబింబాలు కనిపిస్తాయి. దగ్గరగా చూస్తే అవి కుంచె పట్టుకుని నిలుచున్న ఆమె రూపాలే. 'నేను ఇక్కడ ఉన్నాను' అని ఆమె పాత్రచేత చెప్పించింది. గుప్తా గిన్నెలు మరొక విధంగా ప్రవర్తిస్తాయి. అవి గుంపులు గుంపులుగా ఉంటాయి. గిన్నెలో గిన్నె, గరిటెలో పళ్లెం ప్రతిఫలిస్తాయి. మెరుపు మెరుపుకు జవాబు చెబుతుంది. ఆ మెరుపుల నడుమ మనిషి ముఖం కోసం వెదికితే దొరకడం కష్టం. అంత తళతళలాడేటట్లు వాటిని తోమినవారు మాత్రం ఎవరో ఉండాలి. పటమంతా ఆ చేతుల పనితనమే. పటంలో ఆ చేతులు లేవు.

2008లో న్యూయార్క్‌లో ప్రదర్శించిన ఈ వరుస చిత్రాలకు గుప్తా పెట్టిన పేరు 'స్టిల్, స్టీల్, స్టీల్'. తెలుగు లిపిలో చివరి రెండు మాటలు ఒక్కటిగానే కనిపిస్తాయి. ఇంగ్లీషులో అక్షరాలు వేరు, అర్థాలు వేరు. మొదటిది నిశ్చలం, రెండవది దొంగిలించడం, మూడవది ఉక్కు. ఏ అనువాదకుడూ ఈ శ్లేషను చెక్కుచెదరకుండా మరొక భాషలోనికి దింపలేడు. నడుమ దొంగతనం ఎందుకు వచ్చిందో ఆయన మాటలను బట్టే తెలుసుకోవచ్చు. తాను విగ్రహాల దొంగనని గుప్తా చెప్పుకున్నాడు. హిందువుల ఇంటిలో వంటగది పూజగది అంతటి ముఖ్యమైనదనీ, అక్కడి గిన్నెలు దొంగిలించి దేశం దాటించిన దేవుళ్లవంటివనీ ఆయన భావం. గుడిలోని విగ్రహం గుడిలో ఉన్నంతసేపు దేవుడు. సరిహద్దు దాటి అద్దాల పెట్టెలోకి వెళ్లగానే కళాఖండం. వంటింటి గిన్నెకూ అదే గతి పట్టించానని ఒప్పుకున్న చిత్రకారుని చమత్కారం ఇది. అందులో కొంత అపరాధభావన కూడ వినిపిస్తుంది.

మెరిసే గిన్నెలను చిత్రించడం ఒక ఎత్తు. ఎంగిలి పళ్లేలను చిత్రించడం మరొక ఎత్తు. 2011లో న్యూయార్క్‌లోనే జరిగిన 'ఒక గ్లాసు నీళ్లు' అనే ప్రదర్శనలో గుప్తా భోజనం ముగిసిన తరువాతి పళ్లేలను తైలవర్ణాలలో చూపాడు. తిన్నవారు లేచి వెళ్లారు. మెతుకులు, మరకలు మిగిలాయి.

పాశ్చాత్యులకు ఈ విషయం కొత్త కాదు. హార్లెం నగరపు విలెమ్ క్లాస్ హేడా 1631లో చిత్రించిన ఫలహారపు బల్ల మీద సగం తిన్న పళ్లరొట్టె, ఒరిగిన పానపాత్ర ఉంటాయి. అంతకు ముందే రోమనులు విందు ముగిసిన గదిలో నేలమీద పడిన ఎముకలను, తొక్కలను రంగురాళ్లతో పొదిగించి 'ఊడ్వని నేల' అని ముచ్చటపడ్డారు. వారికి మిగులు అన్నది సమృద్ధికి గుర్తు, లేదా సుఖం క్షణికమన్న హెచ్చరిక. మనకు అది ఎంగిలి. ఆ ఒక్క మాటలో ఒక సంఘమంతా ఇమిడి ఉన్నది. తల్లి బిడ్డ ఎంగిలి తింటే ప్రేమ. భార్య భర్త పళ్లెంలో తింటే ఆచారం. పెద్దింటి ఎంగిలి పనివారి సత్తుగిన్నెలో పడితే అది కూలిలో భాగం. ఎవరి ఎంగిలి ఎవరు ముట్టవచ్చునో, ఎవరు ముట్టక తప్పదో నిర్ణయించిన వ్యవస్థ మనది. తెలుగు మాటలే ఈ సంగతిని దాచలేవు. గిన్నెలు అంట్లు, వాటిని తోమే చేతులను అంటరాదన్నాము. రెండు మాటలకూ మూలం ఒక్కటే.

కాబట్టి ఒక భారతీయుడు ఎంగిలి పళ్లేన్ని పెద్ద పటంగా చిత్రించి గోడకు తగిలించడం హేడా అనుకరణ కాజాలదు. ఇంటిలో వెంటనే కళ్లెదుటినుండి తీసివేయవలసిన వస్తువును ఆయన కళ్లెదుట నిలబెట్టాడు. ఉన్నదున్నట్లు చిత్రించే వాస్తవికతకు ఇక్కడ గట్టి ప్రయోజనం ఉన్నది. మరకను అందమైన రంగుముద్దగా మార్చివేస్తే చూచేవాడు తప్పించుకుంటాడు. అది మరకేనని నమ్మించినప్పుడే అతనికి దానిని ఎవరు కడుగుతారన్న సంగతి స్ఫురిస్తుంది.

గుప్తా మీద విమర్శలు లేకపోలేదు. ఇంగ్లీషు పత్రికలు ఆయనను ఢిల్లీ డేమియన్ హర్స్ట్ అన్నాయి. అది పొగడ్తో ఎత్తిపొడుపో చెప్పడం కష్టం. గిన్నెలను, ఆవుపేడను, పాలబిందెలను విదేశీయులకు భారతదేశంగా అమ్ముతున్నాడని కొందరు అన్నారు. ఆయన చిత్రాలు వేలంపాటలలో కోట్ల రూపాయలు పలికాయి. 2008 ఆర్థిక సంక్షోభంతో భారతీయ సమకాలీన కళల బేరం బాగా కుంగినా ఆయన పేరు కుంగలేదు. బజారులో కొన్ని వందలకు దొరికే గిన్నె, దాని బొమ్మగా మారగానే ఆ గిన్నె కడిగే మనిషి జీవితకాలంలో చూడనంత ధర పలకడంలో ఒక వికృతి ఉన్నది. దీనిని కప్పిపుచ్చనవసరం లేదు. పటంలోని మెరుపు కొనుగోలుదారుని గది గోడను మాత్రమే ప్రతిఫలిస్తే ఆ పటం ఓడిపోయినట్లే.

ఆయన పనిచేసే ఊరు కూడ ఈ వికృతికి దూరమైనది కాదు. 1983 చివర మారుతి కర్మాగారం నుండి తొలి కారు వెలువడేనాటికి గుడ్‌గావ్ చుట్టూ పొలాలు ఉండేవి. 2016లో పేరు గురుగ్రామ్‌గా మారేనాటికి ఆ పొలాలలో అద్దాల మేడలు లేచాయి. ఆ మేడలలో వంట చేసేవారు, గిన్నెలు తోమేవారు, కాపలా కాసేవారు బీహారు, బెంగాలు వంటి దూరప్రాంతాలనుండి రైలెక్కి వచ్చినవారు ఎందరో. ఖగౌల్ నుండి వచ్చిన రైల్వే ఉద్యోగి కుమారుడు కూడ ఆ దారినే వచ్చాడు. అతనికి ప్రఖ్యాతి లభించింది. ఇతరులకు గది మూలన ఒక టిఫిను డబ్బా ఉన్నది. ఒకే లోహం, ఒకే మెరుపు. ఆ డబ్బాను కూడ చూడగలిగినవారికే గుప్తా చిత్రం పూర్తిగా కనిపిస్తుంది.

2014లో ఢిల్లీలోని జాతీయ ఆధునిక కళాభవనం ఆయన రచనలతో ఒక పెద్ద ప్రదర్శన ఏర్పాటుచేసింది. దాని పేరు 'అంతా లోపలే ఉన్నది'. గిన్నె చిత్రించేవాని నోట ఆ మాట ఎంతో పొసగుతుంది. ఆ లోపల ఏమున్నదన్నదే కదా మొదటినుండి ప్రశ్న.

దీనికి గుప్తా ఇచ్చిన జవాబులలో అతి చిన్నది, బహుశః అతి గొప్పది, ఆ 2011 ప్రదర్శనకు పేరు తెచ్చిన రచనే. బల్లమీద ఒక లోహపు గ్లాసు. అంచు వరకు, ఇంకొక్క చుక్క వేస్తే ఒలికిపోయేటట్లు, నీళ్లు. నీటి తలతన్యత వల్ల పైభాగం అంచుకన్న ఒక వెంట్రుకవాసి ఉబ్బి నిలుస్తుంది. అందులో కుంచె లేదు, రంగు లేదు. అయినా అది నిశ్చల చిత్రమే. అందులో జీవం ఊపిరి బిగబట్టి నిలుచున్నది.

తెలుగువాడికి ఆ గ్లాసు రెండు విధాలుగా గుర్తుకు వస్తుంది. గడపలో అడుగుపెట్టిన అతిథికి ముందుగా అందించేది గ్లాసెడు మంచినీళ్లే. మన పల్లెల టీకొట్లలో రెండు గ్లాసుల పద్ధతి పెట్టి, కొందరి గ్లాసును బయట చూరులో వేరుగా ఉంచి, త్రాగినవారిచేతనే కడిగించినది కూడ మనమే. స్టీలు ఎవరి పెదవి తగిలినా తుప్పు పట్టదు. దాని ఎదుట ఎవరు నిలిస్తే వారి ముఖాన్నే చూపుతుంది. ఆ పాటి ధర్మం నేర్చుకోవడానికి చిత్రశాలదాకా పోనక్కరలేదు. ఈ రాత్రి భోజనమయ్యాక పెరటిలో చేరే గిన్నెలవైపు ఒకసారి వంగి చూస్తే చాలు.